గాలి నిండితేనే వదిలే బ్రేకు

ఫర్హీన్ ఏ వయసులో మాటలు మొదలుపెట్టిందని అడిగితే వాళ్లమ్మ ఖాతూన్ బీ తడుముకుంటుంది. ఏ రోజైనా ఆపిందా అని అడిగితే మాత్రం తడుముకోదు. టైఫాయిడ్ వచ్చి మంచం పట్టిన వారంలో కూడా ఆ పిల్ల నిద్రలో ఎక్కాలు అప్పజెప్పిందట. స్కూల్లో టీచరు ఒక ప్రశ్న అడిగితే దానికి జవాబు చెప్పి, రేపు అడగబోయేదానికి కూడా చెప్పి, ఎల్లుండి పాఠం ఎక్కడ మొదలవుతుందో గుర్తుచేసి కూర్చునేది. కడుపులో ఏ మాటా దాగేది కాదు. మేనత్తకు సంబంధం కుదిరిన సంగతి మేనత్త కంటే ముందు వీధి వీధంతా తెలిసిపోయిందంటే ఆ పుణ్యం ఫర్హీన్‌దే.

స్కూలు వదలగానే ఆమె ఇంటికి వెళ్లేది కాదు. పిడుగురాళ్ల హైవే పక్కనున్న తండ్రి షాపుకు వెళ్లేది. అబ్దుల్ రహీమ్ లారీ బ్రేకుల మెకానిక్. క్వారీల్లోంచి సున్నపురాయి మోసుకొచ్చే లారీల్లో ఆయన చెయ్యి పడనిది అరుదు. సున్నపు బట్టీల దుమ్ము ఊళ్లో అన్నిటి మీదా తెల్లగా పేరుకుంటుంటే, ఆయన చేతులు మాత్రం గ్రీజుతో నల్లగా నిగనిగలాడేవి. ఫర్హీన్ ఒక పాత టైరు మీద చతికిలబడి, రిపేరుకు వచ్చిన డ్రైవర్లందరికీ ఆ రోజు క్లాసులో జరిగిందంతా పూసగుచ్చినట్టు వినిపించేది. వాళ్లు ఆమెకు రేడియో అని పేరు పెట్టుకున్నారు.

"రహీమ్ భాయ్, లోకమంతటికీ బ్రేకులు వేస్తావు, మీ రేడియోకి వెయ్యలేదేంది?" అని అడిగేవాళ్లు.

"నాకు లారీ బ్రేకులే వచ్చయ్యా" అనేవాడు రహీమ్. అన్నాక కూతురి వంక మురిపెంగా చూసుకునేవాడు.

లారీ బ్రేకు గురించి రెండు ముక్కలు చెప్పుకోకపోతే ఈ కథ ముందుకు నడవదు. సైకిలు బ్రేకు నొక్కితే పట్టుకుంటుంది, వదిలితే వదులుతుంది. పెద్ద లారీ వెనక చక్రాల దగ్గరుండే బ్రేకు తీరు దీనికి తలకిందులు. అక్కడ చిన్న డోలంత ఇనప డబ్బా ఒకటి ఉంటుంది. షాపుల్లో దాన్ని బూస్టర్ అంటారు. దాని లోపలున్న స్ప్రింగు మహా బలమైనది. అది ఒక కడ్డీని బయటికి తోసి చక్రాన్ని బిగించి ఉంచుతుంది. ఎవరూ ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే బండి తనను తానే పట్టుకుని నిలబడుతుందన్నమాట. ఇంజను ఆడి, ట్యాంకులో గాలి నిండి, ఆ గాలి డబ్బాలోకి పోయి స్ప్రింగును వెనక్కి నొక్కితేనే కడ్డీ లోపలికి పోతుంది, చక్రం వదులుతుంది. గాలి చాలనంతసేపూ క్యాబిన్లో బజర్ మోగుతూనే ఉంటుంది. దారి మధ్యలో గొట్టం పగిలి గాలంతా పోయిందా, లారీ ఉన్నచోటే బిగుసుకుపోతుంది. అప్పుడు రహీమ్ వెళ్లి, డబ్బా వెనకుండే పొడుగాటి బోల్టు తిప్పి స్ప్రింగును వెనక్కి లాగి కట్టేస్తాడు. ఇక దానికి గాలి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. బండిని షాపు దాకా లాక్కురావటానికి తప్ప ఆ బోల్టు బిగించకూడదు. బిగించి అలాగే తిరిగే డ్రైవర్లను రహీమ్ దులిపేసేవాడు.

ఆయన షాపుకు ఇంకో కట్టుబాటు ఉండేది. పని పూర్తయ్యాక డ్రైవరు ఇంజను స్టార్టు చేసి, కిందికి దిగి, టీ తాగి వెళ్లాలి. సగం గ్లాసు వదిలేసి బండెక్కితే రహీమ్ మొహం ముడుచుకునేవాడు. ఆహా, ఏం మర్యాద అని డ్రైవర్లు మాచర్ల దాకా చెప్పుకునేవాళ్లు. అసలు సంగతి ఏమిటంటే ట్యాంకులో గాలి పూర్తిగా నిండటానికి సుమారు ఒక టీ తాగేంత సేపు పడుతుంది. ఆగవయ్యా అంటే ఏ డ్రైవరూ ఆగడు. చేతిలో వేడి గ్లాసు పెడితే ఆగుతాడు.

మన రేడియో ఇంటర్లో బైపీసీ తీసుకుంది. డిగ్రీ అయింది, పీజీ అయింది. హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు కూడా సంపాదించుకుంది. అక్కడ ఆమెకు అప్పజెప్పింది మట్టిలో బతికే, నూలుపోగు తునకలంత పురుగుల్ని. కంటికి ఆనీ ఆనవు. కానీ వాటికీ నరాలున్నాయి. నరం చివర చిన్న చిన్న సంచుల్లో ఒక రసాయనం నింపి ఉంటుంది. ఆ సంచి తెరుచుకుని రసాయనం బయటపడితేనే పక్క నరానికో కండకో కబురు అందుతుంది. సంచుల్ని అంచు దాకా తెచ్చి సిద్ధంగా ఉంచే ప్రోటీను ఒకటుంది. మనలో దాన్ని మంక్-13 అంటారు, పురుగుల్లోనూ దాని చుట్టమే ఉంది.

ఫర్హీన్‌కు నిద్ర పట్టనివ్వనిది ఇంతవరకు చెప్పిన సంగతి కాదు. ఆ ప్రోటీనులోనే ఒక ముక్క, అదే ప్రోటీనులో పనిచేసే ముక్కకు అడ్డం పడి దాన్ని పట్టుకుని ఉంటుంది. బయటినుంచి ఎవరూ వచ్చి ఆపరు. కబురు పంపే వేళ కాల్షియం లోపలికి వస్తేనే ఆ పట్టు సడలుతుంది. దీనికి ఆటోఇన్హిబిషన్ అని నోరు తిరగని పేరు పెట్టారు. అడ్డం పడే ఆ ముక్కను తీసేసిన పురుగుల్ని పెంచి, వాటి తీరెలా ఉంటుందో చూడటమే ఆమె చదువు.

తీరెలా ఉందంటే, అచ్చం ఆమెలాగే ఉంది. పిలిచినా పిలవకపోయినా సంచులు గుమ్మరిస్తూనే ఉన్నాయి. నరం వదిలిన రసాయనాన్ని తుడిచిపెట్టనివ్వని ఒక మందు ఉంది. అది కలిపిన ప్లేటు మీద వదిలితే, మామూలు పురుగుల కంటే చాలా ముందే ఇవి ఒళ్లు బిగుసుకుపోయి పుల్లల్లా పడి ఉంటున్నాయి. ఫర్హీన్ ఈ సంగతి సంబరంగా, తను అబ్బా అని పిలిచే తండ్రికి ఫోన్ చేసి చెప్పింది.

"ఆ మందేంది?" అన్నాడు రహీమ్.

"ఒక రకం పురుగుమందే అబ్బా."

"పురుగులకి మందు కొట్టి అయ్యి చస్తయ్యో లేదో చూట్టానికి హైదరాబాద్ దాకా పోవాలా బేటీ? ఈడ మిరప చేలల్లో రోజూ జరిగేదదే గదా."

ఆమె ఫోన్ చార్జింగ్ అయిపోయేదాకా వివరించింది. రహీమ్ స్పీకర్ ఆన్ చేసి పక్కన పెట్టుకుని, ఆఁ ఆఁ అంటూ చేతిలో పని చేసుకున్నాడు. కూతురు ఇన్నేళ్లు ఏం చదువుతోందో తనకు అర్థం కాలేదని ఆయనకు లోపల గుచ్చుకుంటూనే ఉండేది. ఆ మాట పైకి మాత్రం ఎన్నడూ అనలేదు.

పట్టా చేతికొచ్చాక ఫర్హీన్ తిన్నగా ఇంటికి వచ్చేసింది. పల్నాడులోనే డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పాలని ఆమె కోరిక. తను చదువుకున్నప్పుడు నరం పాఠమంటే గైడులో ఒక పేరా. దాన్ని బట్టీ కొట్టించి వదిలేశారు. ఇంత తమాషా సంగతి మా ఊళ్ల పిల్లలకు ఎవరో ఒకరు నోరారా చెప్పాలి కదా అని ఆమె పట్టుదల. నోరారా చెప్పటంలో ఆమెకు సాటి ఎవరు?

తీరా బండి అక్కడే దిగబడింది. ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం కావాలంటే ముందు డెమో క్లాసు చెప్పాలి. ముందు బెంచీల్లో పిల్లలు, వెనక బెంచీలో యాజమాన్యం. సత్తెనపల్లిలో ఒక కాలేజీ వాళ్లు నరం గురించి చెప్పమంటే, ఆమె మెదడు దగ్గర మొదలుపెట్టి పురుగు దాకా వెళ్లి, పురుగు నుంచి దాన్ని మొదట పెంచినవాళ్ల దాకా వెళ్లింది. బెల్లు కొట్టింది ఆమెకు వినపడనే లేదు. గురజాలలో ఇంకో కాలేజీలో ఒక పిల్లాడు చెయ్యెత్తితే, వాడికి రాబోయే సందేహం ఇదేనని తనే ఊహించి, తనే అడిగి, తనే జవాబు చెప్పేసింది. పాపం వాడు బయటికి వెళ్లటానికి పర్మిషన్ కోసం ఎత్తాడు. రెండు చోట్లా ఒకటే మాట చెప్పి పంపారు. "మేడం, మీకు చానా తెలుసు. మేం కబురు చేస్తాం." ఆ కబుర్లు నేటికీ రాలేదు.

ఇక మిగిలింది నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీ. అదీ తప్పిపోతే విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు రమ్మంటున్నారు, సోమవారంలోగా ఏ సంగతో చెప్పమంటున్నారు. అక్కడ పాఠం ఉండదు, బిట్లు ఉంటాయి. నాలుగింట్లో సరైనదానికి టిక్కు పెట్టించటం తప్ప ఇది ఎందుకిలా ఉందని అడిగే తీరిక పిల్లలకూ ఉండదు, చెప్పే తీరిక తనకూ ఉండదు. ఆ సెంటర్ పేరెత్తితే చాలు ఫర్హీన్ ముఖం వాడిపోయేది. పేటలో డెమో శనివారం.

గురువారం సాయంత్రం ఆమె షాపులో దిగాలుగా కూర్చుని ఉంది. డేవిడ్ అనే డ్రైవరు పని అయిపోయి, ఇంజను స్టార్టు చేసి, వెళ్లిపోవాలని తొందరపడుతున్నాడు. రహీమ్ టీ గ్లాసు అందించాడు.

"లోడు దించాల భాయ్. రేపు తాగుతాలే."

"రేపటిది రేపు తాగు. ఇయ్యాల్టిది తాగి పో."

డేవిడ్ గొణుక్కుంటూ ఊదుకుంటూ తాగాడు. గ్లాసు అడుగంటే వేళకు క్యాబిన్లో బజర్ ఆగింది. అతను ఎక్కి మీట నొక్కగానే కింద బుస్సుమని చప్పుడైంది. అప్పటిదాకా రాయిలా ఉన్న లారీ మెల్లగా కదిలి రోడ్డెక్కింది. ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఆ రోజు ఫర్హీన్ గభాలున లేచి నిలబడింది.

"అబ్బా, గాలి రాకముందు బండిని పట్టుకున్నదెవరు?"

"ఎవురు పట్టుకుంటారు? దాని స్ప్రింగే పట్టుకుంది."

"బయటోళ్లు కాదు గదా?"

"బండిదే గదమ్మా స్ప్రింగు."

"మా ప్రోటీనూ అంతే అబ్బా. దాంట్లో ముక్కే దాన్ని పట్టుకోనుంటది. కాల్షియం వస్తే వదులుద్ది."

రహీమ్ చేతిలో స్పానర్ కింద పెట్టాడు. "అంటే కాల్షియం గాలి."

"ఆఁ."

"నువ్వు ఇన్నేళ్లు చూసింది స్ప్రింగు పీకేసిన బండ్లనా?"

"అవునబ్బా."

"మరి అయ్యి బోల్తా కొట్టక ఏం చేస్తయ్యి?" అన్నాడాయన. అంటూనే కళ్లు తుడుచుకున్నాడు. చేతికున్న గ్రీజు రెప్పలకు అంటుకుంది. "ముందే ఇట్టా చెప్పొచ్చు గదా. పురుగులూ మందులూ అని నన్ను బెదరగొట్టావు." ఆ సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతూనే భార్యను కేకేశాడు. "ఏమే, మన పిల్ల బ్రేకుల మీదంట పీహెచ్‌డీ చేసింది." ఖాతూన్ బీ నమ్మలేదు. బ్రేకులకూ ఈ పిల్లకూ ఏం సంబంధమని అడిగింది.

డెమో క్లాసుకు ఒక బూస్టర్ కావాలని ఫర్హీన్ పట్టుబట్టింది. రహీమ్ వెంటనే ఒప్పుకోలేదు. ఆ స్ప్రింగు ఊరికే కూర్చునే రకం కాదు. దానితో పరాచకాలాడి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు హైవే పొడుగునా ఉన్నారు. చివరికి కూతురి ముఖం చూసి సరేనన్నాడు. శనివారం పొద్దున్నే ఒక బూస్టర్ తుడిచి, గోనెలో చుట్టి, బట్టలకు గ్రీజు అంటకుండా వెనక భాగానికి పురికొస గట్టిగా బిగించాడు. పక్క టైర్ల షాపు నుంచి కాలితో తొక్కి గాలి కొట్టే పంపు తెచ్చిచ్చాడు. ఆయన ఆ పనంతా చేస్తున్నంతసేపూ ఫర్హీన్ చుట్టూ తిరుగుతూ తను చెప్పబోయే పాఠం మొదటినుంచి చివరిదాకా ఆయనకు అప్పజెబుతూనే ఉంది. బస్సు వచ్చింది. కండక్టర్ మూట లేపి చూసి, "ఆడోళ్లకి ఫ్రీ గానీ ఇనుముకి ఫ్రీ లేదమ్మా" అని లగేజీ టికెట్టు కొట్టాడు.

కాలేజీ కరస్పాండెంటు గోపాలకృష్ణయ్య మొదట మిరప రైతు. తర్వాత టిప్పర్లు కొన్నాడు, ఆ తర్వాత కాలేజీ పెట్టాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, వెనక బెంచీలో కూర్చుని, ముందే చెప్పేశాడు. "నేను పెద్దగా చదువుకున్నోణ్ని కాదమ్మా. నాకు అర్థమైతే పిల్లలకి అర్థమైనట్టు. నాకు కాలేదంటే వాళ్లకీ కాలేదని లెక్క. ఇంక కానియ్."

ఫర్హీన్ బూస్టర్‌ను బల్ల మీద పెట్టింది. కడ్డీ ఉన్న వైపు పిల్లల ముఖాన ఉండేలా తిప్పి, ఆ వైపు గోనె మాత్రం ఒలిచి, తను వెనక నిలబడింది. ఇక మొదలుపెట్టింది. నరం, సంచి, ప్రోటీను, లారీ, స్ప్రింగు. పిల్లలు బాగానే వింటున్నారు. ఆమెకు ఉత్సాహం వచ్చింది, ఉత్సాహం వస్తే మాట ఇంకా జోరందుకుంటుంది.

"ఇప్పుడు దీంట్లో గాలి లేదు. అందుకని కడ్డీ బయటికి తన్నుకొచ్చి ఉంది. చూస్తున్నారుగా?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫర్హీన్ అది గమనించలేదు. ముందుకు వంగి కడ్డీని చూసుకోనూ లేదు. ఒక అబ్బాయిని పిలిచి గాలి కొట్టమంది. వాడి పేరు అంతోని. చెమటలు కక్కుతూ తొక్కాడు.

"గాలి వెళ్లింది, స్ప్రింగు వెనక్కి పోయింది, కడ్డీ లోపలికి వెళ్లిపోయింది. చూశారా?"

"లేదు మేడం" అంది ముందు బెంచీలో యశస్విని.

"ఇంకొంచెం కొట్టు బాబూ. ఇప్పుడు?"

"అట్నే ఉంది మేడం." యశస్విని కాస్త మొహమాటపడింది. "మొదట్నుంచీ లోపలే ఉంది."

క్లాసు గొల్లున నవ్వింది. ఫర్హీన్ బల్ల చుట్టూ తిరిగి ముందుకు వచ్చి చూసింది. నిజమే. కడ్డీ లోపలే ఉంది. పురికొస విప్పి వెనక గోనె లాగేసింది. డబ్బా వెనక పొడుగాటి బోల్టు బిగించి ఉంది. చూడగానే అర్థమైంది. అబ్బా భయపడ్డాడు. స్ప్రింగు ఎక్కడ కూతురి చేతుల మీదికి వస్తుందోనని దాన్ని వెనక్కి లాగి కట్టేసి పంపాడు. ఆయనకు పాఠం ఏమైనా ఫరవాలేదు, పిల్ల వేళ్లు బాగుండాలి. ఆమెకు ఒళ్లు మండింది. మెకానిక్ కూతురై ఉండి చూసుకోకుండా వాగినందుకు సిగ్గేసింది. వెనక బెంచీలో గోపాలకృష్ణయ్య వాచీ చూసుకుంటున్నాడు. విజయవాడ బిట్ల కట్టలు ఆమె కళ్ల ముందు కదిలాయి.

నోట్లోకి వంద మాటలు ఒక్కసారే తోసుకొచ్చాయి. క్షమించండి అనాలి. మా నాన్న అనాలి. ఈ బోల్టు ఎందుకుంటుందో, ఇది లేకపోతే ఎలా ఉండేదో, అసలు తనేం చూపించాలనుకుందో అంతా ఒక్క ఊపులో చెప్పేయాలి. నోరు తెరిచింది. అప్పుడు అంతోని కనిపించాడు. వాడు పంపు వదిలేసి, బల్ల ముందు గొంతుక్కూర్చుని, బోల్టు వంక చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. యశస్విని బెంచీలోంచి సగం లేచింది. వాళ్లకేదో అందబోతోంది. ఇప్పుడు తను మాట్లాడితే అది తన మాటైపోతుంది. గురజాలలో చెయ్యెత్తిన పిల్లాడు గుర్తొచ్చాడు.

ఫర్హీన్ నోరు మూసుకుంది. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్క ప్రశ్న వేసింది. "ఎందుకు కదల్లేదు?"

ఎవరూ పలకలేదు. ఆమెకు అది నరకంలా ఉంది. జవాబు నాలుక మీద ఎగురుతోంది. పెదవి పళ్లతో నొక్కి పట్టింది. డేవిడ్ చేతిలో పొగలు కక్కే గ్లాసును తలుచుకుంది. ఆగు, ఇంకాస్త ఆగు అని తనకు తనే చెప్పుకుంది.

"మేడం" అన్నాడు అంతోని చివరికి. "మా నాన్న టిప్పర్ తోల్తాడు. ఈ బోల్టు బిగిస్తే స్ప్రింగు కట్టేసినట్టే. ఇంక బ్రేకు పట్టదు."

"అయితే గాలి కొట్టినా కొట్టకపోయినా ఒకటే గదా?" అంది యశస్విని.

"ఒకటే."

"అట్టాంటి బండిని వాలులో పెడితేనో?" వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఏ గోడో అడ్డమొస్తే ఆగుద్ది" అన్నాడు ఇంకెవరో. మళ్లీ నవ్వులు. ఈసారి నవ్వు ఆమె మీద కాదు. యశస్విని మాత్రం నవ్వలేదు. నుదురు చిట్లించి ఆలోచిస్తోంది.

"మేడం, మీరు చెప్పిన ప్రోటీన్లో ఆ అడ్డం ఉండే ముక్క తీసేశారనుకోండి. అప్పుడు కాల్షియం వచ్చినా రాకపోయినా సంచులు తెరుచుకోవటమేనా?"

ఫర్హీన్‌కు ఆ పిల్లను ఎత్తుకుని తిప్పాలనిపించింది. "నేను ఇన్నేళ్లు చేసిన పని అదే తల్లీ" అంది. పురుగుల గురించి నాలుగు ముక్కల్లో చెప్పింది. పిలవకుండానే సంచులు గుమ్మరిస్తుంటే అసలు పిలుపేదో కండకు ఎలా తెలుస్తుందని అడిగి, మళ్లీ ఆగింది. ఈసారి నాలుగైదు గొంతులు ఒక్కసారే లేచాయి.

గోపాలకృష్ణయ్య బెంచీలోంచి లేచి ముందుకు వచ్చాడు. "ఆ బోల్టు తీస్తే పనిచేసుద్దా ఇది?"

"చేసుద్దండి. స్పానర్ కావాలి."

కొత్త బిల్డింగు పని దగ్గర కంకర దింపుతున్న తన టిప్పర్ డ్రైవరుకు ఆయన కిటికీలోంచే కేక వేసి స్పానర్ తెప్పించాడు. "ఒరేయ్ అంతోనీ, గాలి కొట్టి నిలబెట్టు. గాలుంటే బోల్టు తేలిగ్గా తిరుగుద్ది" అని తనే బోల్టు వదులుచేసి బయటికి లాగాడు. ఆ పని ఎలా చేయాలో టిప్పర్ల యజమానికి ఒకరు చెప్పక్కర్లేదు. ఫర్హీన్ కడ్డీ ముందునుంచి అందరినీ దూరంగా జరిపి గాలి వదిలించింది. బుస్సుమంది. కడ్డీ ధన్‌మని బయటికి తన్నుకొచ్చింది. ముందు బెంచీ వాళ్లు ఉలిక్కిపడి వెనక్కి వాలారు. మళ్లీ గాలి కొడితే బుద్ధిగా లోపలికి పోయింది. ఇక తొక్కటానికి నేనంటే నేనని పిల్లలు ఎగబడ్డారు. "ఒరేయ్, ఇప్పుడు కాల్షియం వదులు" అని ఒకడు, "సంచి పగిలింది" అని ఇంకొకడు. బెల్లు కొట్టింది. ఫర్హీన్‌కు వినపడింది గానీ ఒక్కళ్లూ బెంచీలకు వెళ్లలేదు.

వరండాలోకి వచ్చాక గోపాలకృష్ణయ్య చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "వాచీ చూస్తన్నా అమ్మాయ్. నువ్వు మాట్లాడింది సగం కూడా లేదు."

ఫర్హీన్‌కు విజయవాడ ఖాయమనిపించింది.

"మిగతాదంతా వాళ్లే మాట్లాడారు. మా కాలేజీలో ఆ బెంచీలు నోరిప్పటం నేను ఇయ్యాలే చూశా. సోమవారం నుంచి రా."

మైక్రోస్కోపుల సంగతి అడగాలి, పురుగులు తెప్పించి పెంచుదామనాలి, సిలబస్ గురించి చెప్పాలి, ఆ యశస్విని చాలా తెలివైనదని చెప్పాలి. "వస్తానండి" అంది. అంతే అంది.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని తండ్రికి ఫోన్ చేసింది. మొదటి రింగు పూర్తికాకముందే రహీమ్ ఎత్తాడు.

"ఉద్యోగం వచ్చింది అబ్బా."

అవతల అల్లాను తలుచుకుని, ఖాతూన్ బీని కేకేసి చెప్పి, కాసేపటికి గానీ ఆయన మళ్లీ ఫోన్లోకి రాలేదు. వచ్చాక గొంతు తగ్గించి అడిగాడు. "బూస్టర్ పనిచేసిందా?"

"బ్రహ్మాండంగా చేసింది అబ్బా" అంది. ఆయన మనసు కష్టపెట్టటం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"ఎట్టా చేసుద్ది? నేను బోల్టు బిగించి పంపాను గదా."

ఫర్హీన్ దొరికిపోయింది.

"నాకు భయమేసింది బేటీ. బోల్టు ఉంది, ఆడికి పోయినాక ఫలానా విధంగా తియ్యి అని పొద్దున చెబుదామనే నిలబడ్డా. నువ్వు మాట్లాడతానే ఉన్నావు. సందు దొరకలా. తర్వాత ఫోన్ చేస్తే ఎంగేజు. దోవ పొడుగునా ఎంగేజే." ఆయన నిందించటం లేదు, జరిగింది చెబుతున్నాడు. "పొద్దున్నించీ పని ముట్టుకోలా. నా మూలాన పోయిందేమోనని."

బస్సు పేట దాటింది. ఫర్హీన్ ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకుంది. పొద్దున గోనె చుడుతూ ఆయన తన ముఖంలోకి ఎన్నిసార్లు చూసి ఉంటాడో అనిపించింది. పొద్దున ఒక్కటే కాదేమో, పాత టైరు మీద కూర్చున్న రోజుల నుంచీ ఆయన నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాటలు ఎన్నున్నాయో.

"ఇప్పుడు చెప్పు అబ్బా. ఆ బోల్టు సంగతి మొదటినుంచి చెప్పు. నేను వింటా."

రహీమ్ తడబడుతూ మొదలుపెట్టాడు. తను పని నేర్చుకునే రోజుల్లో ఒక స్ప్రింగు ఎలా ఎగిరిందో, తన పక్కనున్నవాడి చెయ్యి ఏమైందో, ఆ రోజు నుంచి ఏ బూస్టర్ ముట్టుకున్నా తన మనసులో ఏం మెదులుతుందో. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదట. మధ్యలో ఆయనకు అనుమానం వచ్చింది.

"బేటీ, లైన్లో ఉన్నావా?"

"ఉన్నా అబ్బా" అంది ఫర్హీన్. "చెప్పు."